నా సానరాయికి అమ్మ పెట్టిన బొట్టు

మూఢనమ్మకం ఎప్పుడూ ఎదుటివాడి ఇంట్లోనే ఉంటుందని మీరూ అనుకుంటున్నారా? నేను ఎనభైల దశకమంతా అలాగే అనుకుని గడిపాను. ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో బాబాల మీద, తాయెత్తుల మీద నా ఉపన్యాసం వినని సందు లేదు. మా క్వార్టర్లో మాత్రం అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అమ్మవారి రాయి వంటింటి అలమరలో దర్జాగా కూర్చునేది. దాన్ని బయట పారేయించాలని నా పంతం. పారేయకూడదని ఆమె పంతం.

నాకూ ఒక రాయి ఉండేది. గోల్‌బజార్‌లో పాతసామాన్లమ్మే బెంగాలీ దాదా దగ్గర కొన్న సానరాయి. ఏ దేశపు కొండలోదో అన్నాడు, నమ్మేశాను. మంగలికత్తికి చివరి పదును దానిమీదే రావాలని, ఫ్యాక్టరీలో చేసిన రాయి మీద నూరితే చర్మం మండుతుందని నా సిద్ధాంతం.

ఒక ఏడు విశ్వకర్మ పూజనాడు, వర్క్‌షాపులో పనిముట్లన్నిటికీ చేసినట్టే, అమ్మ నా రాయికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను ఎగిరిపడ్డాను. ఆమె గొంతు కూడా పెంచలేదు.

“రోజూ నీళ్ళు పోత్తావు, పట్టుగుడ్డలో సుడతావు, ఎవుల్నీ ముట్టుకోనివ్వవు. మరది దేవుడు కాకపోతే ఏటిరా?”

నాది శాస్త్రం అన్నాను. బియ్యం ఏరుతున్న మా ఆవిడ తలెత్తింది. “పరీచ్చ పెట్టి సూడండని మీటింగుల్లో మీరే కదా సెప్తారు. పెడదాం. ఓడిపోతే మాత్రం అత్త రాయి జోలికి రాకూడదు.” నేను గెలిస్తే పారేస్తానని అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని, ఆ రాయిని కొంగులో మూటకట్టుకుని కూర్చుంది.

నాన్న వదిలిన జతకత్తుల్లో ఒకటి నా రాయి మీద, రెండోది ఫ్యాక్టరీ రాయి మీద నూరి ఇచ్చాను. మా ఆవిడ రెంటినీ లోపలికి తీసుకెళ్ళి, ఏది ఏదో చెప్పకుండా చెంపకొకటి అందించింది. గీసుకున్నాను. కుడిచెంప వెన్నలా ఉందని, ఎడమచెంప భగ్గుమంటోందని, ఈ తేడా పసిపిల్లాడికైనా తెలుస్తుందని తీర్పు చెప్పాను.

“కుడిపక్కది ఫ్యాక్టరీ రాయండి,” అంది.

పక్కన నమ్మకం లేనివాళ్ళు నిలబడితే చెయ్యి కుదరదన్నాను. అచ్చం విభూతి బాబాలు చెప్పే సాకు అది. వేదికలెక్కి నేను వెక్కిరించిన సాకు. అమ్మ నవ్వలేదు. కొంగుముడి విప్పి, తన రాయిని తుడిచి, అలమరలో పెట్టేసుకుంది. మర్నాడూ నేను నా రాయి మీదే నూరుకున్నాను. సిగ్గులేని చెంపలు, హాయిగానే ఉన్నాయి.

మీరు ప్రాణంగా నమ్మేదాన్ని ఒకదాన్ని ఇవాళే తీసి, నమ్మనివాళ్ళ చేతిలో పెట్టండి. పరీక్ష వాళ్ళనే పెట్టమనండి. ఫలితాన్ని ఇంటిల్లిపాదీ వినేలా మీ నోటితోనే చెప్పండి.