రత్నమణి కలిపిన వరస

రత్నమణికి వరస తేలని మనిషితో మాట్లాడడం చేతకాదు. ఎదురుపడిన వాళ్ళు అన్నో, వదినో, అల్లుడో తేలాలి. తేలేదాకా ఆ మనిషిని కదలనివ్వదు. కోయిలకుంట్ల బస్సు కండక్టరును ఊరు, పేరు, అవ్వగారి ఊరు అడిగేసి, "అట్లయితే నువ్వు మా చిన్నాయన కొడుకువేలేప్పా" అని తేల్చి, ఆ చనువుతో కిటికీ పక్క సీటు ఇప్పించుకుంటుంది. బస్సెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది మరి. కర్నూలు పెద్దాసుపత్రిలో సూది వెయ్యడానికి వచ్చిన నర్సును కోడలి వరస చేసి, అత్తను అంత గట్టిగా పొడవొచ్చునా అని నిలదీసింది. ఊళ్ళో రత్నమణితో వరస కలవనిది కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటేనంటాడు ఆమె మొగుడు ఏసన్న. ఏసన్న మాట్లాడేదే తక్కువ, అదీ పెళ్ళాం మీదే.

ఈ గుణం వల్ల ఆమెకు మేలు ఎంత జరిగిందో కీడూ అంతే జరిగింది. కొడుకు వసంతకుమార్‌కు ముప్పై దాటుతున్నా పెళ్ళి కాలేదంటే తప్పు వాడిది కాదు, వాడు తోలే నాపరాళ్ళ లారీది అసలే కాదు. సంబంధం చూడ్డానికి పోవడం, ఆ ఇంటి ముసలామె పక్కన చేరి తాతల దాకా తవ్వడం, తవ్వీ తవ్వీ ఆ పిల్ల వసంతకుమార్‌కు చెల్లెలి వరస అవుతుందని తనే కనిపెట్టి, పెట్టిన టీ తాగేసి లేచి రావడం! ఇదీ రత్నమణి పిల్లను వెతికిన తీరు. చుట్టుపక్కల పెళ్ళి కావలసిన పిల్లలందరినీ వాడికి చెల్లెళ్ళను చేసి పారేసింది కన్నతల్లి. అందుకే డోన్‌లో ఏసేపు కూతురు ప్రేమజ్యోతి సంబంధం వచ్చినప్పుడు వసంతకుమార్ తల్లికి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, డోన్లో మాత్రం నువ్వు నోరు తెరవాకు. ఎవురితోనూ వరస కలపాకు. నీకు పుణ్యముంటాది."

"నేనేం జేసినా రా?" అంది రత్నమణి నొచ్చుకుని. కానీ నోరు మూసుకునే ఉంది. సంబంధం కుదిరింది. ప్రధానానికి రోజు కూడా పెట్టుకున్నారు. చర్చి అయ్యగారు ప్రార్థన చేసి, పిల్లా పిల్లోడూ ఉంగరాలు మార్చుకుంటే వాళ్ళలో సగం పెళ్ళి అయిపోయినట్టే.

అంతలో ఆ అయ్యగారే తనూజ అనే పిల్లను తీసుకొచ్చి రత్నమణి ఇంటి అరుగు మీద కూచోబెట్టాడు. పిల్లది కడప. వాళ్ళ నాయనకు చీనీ బత్తాయి తోటలున్నాయి, టౌన్లో షాపులున్నాయి. పిల్ల మాత్రం యూనివర్సిటీలో మానవశాస్త్రం చదువుతోంది. ఊళ్ళో కొన్నాళ్ళు ఉండి మనుషుల్ని చదవాలి, మీ ఇంట్లో పెట్టుకోండని చెప్పి అయ్యగారు వెళ్ళిపోయాడు.

"మనుషుల్ని చదివేదేంది పాపా? మేమేమన్నా పుస్తకాలా?" అంది రత్నమణి.

"మా చదువులో చాలా రకాల వాళ్ళుంటారు ఆంటీ. కొందరు ఎముకలు, పుర్రెలు చూసి మనిషి పుట్టుక చెప్తారు. కొందరు నేల తవ్వి పాత కుండపెంకులు తీస్తారు. కొందరు మాట ఎట్లా మారిందో వింటారు. నేను మనుషులతో కలిసి ఉంటాను. వాళ్ళు తినేది తింటా, చేసే పని చేస్తా, చూస్తా, అడుగుతా, వింటా."

"అంటే తవ్వే పని లేదు, మోసే పని లేదు. తిని కూచోని ఊరోళ్ళ సంగతులు వినేది. దీనికి గూడా సర్టిఫికెట్ ఇస్తారా?"

"ఇస్తారు."

రత్నమణి గిర్రున ఏసన్న వైపు తిరిగింది. "వింటివా? ఇన్నేండ్లూ నేను ఈ పనే చేస్తాంటే తిడ్తివి!"

కానీ ఊరు తనూజకు నోరు విప్పలేదు. ఎవరి ఇంటికి పోయినా మంచినీళ్ళిచ్చి ముఖం చూస్తూ కూచున్నారు. రేషన్ కార్డులు ఊడబెరకడానికి వచ్చిందేమోనని ఒకరు, పింఛన్లు తీసేస్తారేమోనని ఒకరు. పిల్ల సాయంత్రానికి ముఖం వేలాడేసుకుని వచ్చింది. రత్నమణికి ప్రాణం ఉసూరుమంది. వరస లేని మనిషితో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు! అందుకని మర్నాడు తనే వెంటబెట్టుకుని బయల్దేరింది.

"మా జయకుమార్ కూతురు. నా మేనకోడలు. కడప నుంచి వచ్చింది."

జయకుమార్ ఆమె తమ్ముడు. ఎప్పుడో కడపకు పోయి రాళ్ళ పాలిష్ పనిలో చేరి, ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుని, మళ్ళీ ఊరి ముఖం చూడలేదు. వాడి పిల్లలెట్లా ఉంటారో ఎవరికీ తెలియదు కనక ఊరు ఇట్టే నమ్మింది. తనూజే ఇబ్బంది పడింది.

"అత్తా, అబద్ధం కదా ఇది?"

"అబద్ధమెట్లయితాది? వరస కలిపినాక వరసే. చూడు, అప్పుడే నోరారా అత్తా అంటివి!"

ఇక చూడండి, తలుపులన్నీ తెరుచుకున్నాయి. తనూజ శనగ పీకే కూలీలతో పొలానికి పోయింది. ఆ చెట్ల పులుపుకు అరిచేతులు మండి, ఒక సాలు పూర్తి కాకముందే గట్టెక్కి ఊదుకుంటూ కూచుంది. అందరూ నవ్వి, నవ్వినవాళ్ళే చేతులకు కొబ్బరినూనె రాశారు. ఇంటికొచ్చాక అరుగు నాపరాళ్ళ మీద సుద్దముక్కతో రత్నమణి వంశమంతా గీసింది. మగవాళ్ళకు ముక్కోణం, ఆడవాళ్ళకు సున్నా, పెళ్ళయితే ఇద్దరి మధ్యా రెండు గీతలు. రత్నమణి మురిసిపోయింది. తమ్ముడి కింద ఇంకో సున్నా పెట్టించి, "ఇది నువ్వు" అని పట్టుబట్టింది. ఏసన్న గడ్డిమోపు దించి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తనూజ సున్నాకూ వసంతకుమార్ ముక్కోణానికీ మధ్య వేలు పెట్టి, "ఈడ రెండు గీతలు తక్కువుండాయి" అని లోపలికి పోయాడు.

రత్నమణికి ఎక్కలేదు. ఊరికి మాత్రం ఎక్కింది. తమ్ముడి కూతురు తెలుగు కొంపలో ఏమవుతుందో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. మేనత్త కొడుకు మీద ఆ పిల్లకున్నంత హక్కు ఇంకెవరికీ లేదు. వయసొచ్చిన మేనకోడలు పెట్టె సర్దుకుని మేనత్త ఇంట దిగిందంటే ఎందుకొచ్చినట్టు? ఊళ్ళో వాళ్ళ వరసలన్నీ లెక్కగట్టే మహాతల్లికి తన ఇంట్లో వరసే కనపడకపోయింది! ఆడవాళ్ళు తనూజను "ఏమ్మా, వసంతు పెండ్లామా" అని ఆట పట్టిస్తుంటే వేళాకోళమనుకుని రత్నమణి కూడా నవ్వింది. డోన్ నుంచి ఏసేపు ఫోన్ చేశాక ఆ నవ్వు ఆగింది.

"అక్కా, ఇంట్లో మేనకోడల్ని పెట్టుకోని నా బిడ్డనెందుకు అడిగితివి? ఉండే పిల్లకు అన్యాయం చేసి మా పిల్లనిస్తే, రేపు మా పిల్ల గతేంది? ప్రధానం వద్దులేమ్మా."

"అయ్యో సామీ, అది నా మేనకోడలే కాదు! కడప పిల్ల. మాకేమీ కాదు. మనుషుల్ని చూడ్డానికి వచ్చింది."

ఏసేపు తల్లి ఫోన్ లాక్కుంది. "ఏమీ కాదా? ఏమీ కాని వయసు పిల్ల, పెండ్లి కావాల్సిన మొగోడుండే ఇంట్లో ఉండాదా? చూడ్డానికా? ఏం చూడ్డానికమ్మా?"

అబద్ధం కంటే నిజమే ఎక్కువ ముంచింది. వసంతకుమార్ లారీ ఇంటి ముందు ఆపి, కంచం ముట్టకుండా క్యాబిన్లోనే పడుకున్నాడు. వాడు అరిచి తిట్టినా బాగుండేది. కుదిరిన ఒక్క సంబంధం కూడా తన నోటితోనే పోయిందని రత్నమణి కుమిలిపోయింది. తనూజ భయపడి పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

"యాడికి పోతాండావు? ఇప్పుడు పోతే, దొరికిపోయి పారిపోయిందంటారు. కూచో!" అని కసిరింది రత్నమణి. ముక్కు చీది, ఫోన్ తీసి ఏసేపు తల్లికి చేసింది. "పెద్దమ్మా, ఆ పిల్ల మేనకోడలూ కాదు, ఏమీ కానిదీ కాదు. నాకు కూతురు. కడుపున ఆడపిల్ల లేదు, కూతురనుకోని పెట్టుకున్యా. వసంతుకు చెల్లెలు."

ముసలామె అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "నోటి మాటెందుకమ్మా? ప్రధానానికి ఆ పిల్లను తోలుకోని రా. ఆడబిడ్డ చీర పెడతాం. తీసుకునిందా, వానికి చెల్లెలు. జన్మలో పెండ్లాం కాలేదు. తీసుకోలేదా, మీ బస్సు మీకుండాది."

ఇంతేనా అనుకుంది రత్నమణి. చీర పెడితే తీసుకోవాలని ఏ ఆడపిల్లకైనా వేరే చెప్పాలా? చెప్పలేదు.

డోన్‌లో ఏసేపు ఇంట ఉగ్గాని, బజ్జీ, పాయసం అన్నీ బాగానే జరిగాయి. తనూజ ఒక మూల ఒద్దికగా కూచుని, అందరినీ చూసి నవ్వుతూ, ఎవరేం పెట్టినా థాంక్స్ చెబుతోంది. ముసలామె కనుబొమలు ముడేసింది. ఇంత మర్యాదగా ఉన్న ఆడబిడ్డను ఆమె తన ఆయుష్షులో చూడలేదు. అయ్యగారు బైబిలు తెరవబోతుంటే ఆగమని చెయ్యెత్తి, పళ్ళెంలో చీర పెట్టి తెచ్చి తనూజ ముందు నిలబడింది.

తనూజ కంగారుగా లేచింది. పరిశోధనకు పోయినచోట మనుషుల దగ్గర విలువైనదేదీ తీసుకోకూడదని వాళ్ళ సారు వెయ్యిసార్లు చెప్పి పంపాడు.

"వద్దండీ. నేను తీసుకోకూడదు."

ప్రేమజ్యోతి తల దించుకుంది. ఏసేపు చేతిలోని ఉంగరం పెట్టె టక్కున మూశాడు. వసంతకుమార్ తల్లి వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మాట కోసం తడుముకోని రత్నమణి కళ్ళ నిండా నీళ్ళతో తనూజ ముఖం చూస్తూ ఉండిపోయింది.

తనూజ ఆ కళ్ళు చూసింది. పళ్ళెం చూసింది. ప్రేమజ్యోతి ఒంటి మీది పట్టుచీర చూసింది. మెల్లగా పళ్ళేన్ని వెనక్కు నెట్టింది.

"ఎట్లా తీసుకునేది? పెండ్లికూతురికేమో అంత జరీ చీర. నాకేమో ఇదా? ఇట్లాంటిది కట్టుకోని మేము శనగ పీకను పోతాం. ఒక్కగానొక్క ఆడబిడ్డను, ఇదేనా మీరు చేసే మర్యాద? బజ్జీలు గూడా సల్లగుండాయి. నేను వద్దంటే మా అన్న ఈడ ఉంగరం గూడా ముట్టడు, ఏమనుకున్యారో!"

అని గోడ వైపు తిరిగి కూచుంది.

ముసలామె ముఖం చాటంత అయింది. "ఆఁ! ఇదమ్మా ఆడబిడ్డంటే! ఇంతసేపూ ఈ పిల్లకేమన్నా జబ్బా అనుకుంటాండా!" అంటూ లోపలికి పరుగెత్తి, ట్రంకు పెట్టెలోంచి ఎర్రంచు జరీ చీర తీసుకొచ్చింది. తనూజ అంచు వేళ్ళతో నలిపి చూసి, పెదవి విరిచి, "సరేలే" అని తీసుకుంది. ఏసేపు ఉంగరం పెట్టె మళ్ళీ తెరిచాడు.

"తల్లి పోలిక" అన్నాడు ఏసన్న.

ప్రధానం ముగించుకుని సాయంత్రం బస్సెక్కారు. రత్నమణి గాల్లో తేలుతూ ఉండాల్సింది. ఎందుకో కండక్టరును అవ్వగారి ఊరు కూడా అడగలేదు. బస్టాండులో తనూజ చీర పొట్లం చూసుకుని, "మా సారుకేం చెప్పాలో ఏమో" అని నవ్వింది. ఆ మాట రత్నమణికి గుచ్చుకుంది. నిజమే కదా. చదువు అయిపోతుంది, పిల్ల కడపకు పోతుంది, చీర పంపించేస్తుంది. ఆపద గట్టెక్కించడానికి ఆడిన మాటలు అవి, అంతే. చచ్చేంత దిగులేసింది.

కిటికీ పక్క ఎవరో ఆడమనిషి కూచుని ఉంది. మధ్యలో తనూజ, చివర రత్నమణి. బస్సు కదిలాక ఆ మనిషి పలకరింపుగా, "ఎవురు పాపా ఈమె? నీకేమయితాది?" అంది.

ఇలాంటి ప్రశ్నకు జవాబు ఎదుటివాళ్ళు చెప్పాలని రత్నమణి ఎదురుచూడడం ఇదే మొదలు. బిర్రబిగుసుకుని కూచుంది.

"మా అమ్మ" అంది తనూజ. "మీదే ఊరు? బనగానపల్లెనా? అట్లయితే నాకు చిన్నమ్మ వరస అయితావులే. మా అమ్మకు బస్సు పడదు చిన్నమ్మా, రవ్వంత ఆ కిటికీ దగ్గర కూచోనీ."

చిన్నమ్మ మారుమాట లేకుండా జరిగింది. రత్నమణి కిటికీ దగ్గర చేరి, ముఖం బయటికి తిప్పుకుని కొంగుతో తుడుచుకుంటూనే ఉంది. కడుపులో తిప్పుతోందేమోనని వెనక సీట్లోంచి ఏసన్న నిమ్మకాయ అందించాడు. ఆమె దాన్ని అందుకుని, వాసన కూడా చూడకుండా కూతురి చేతిలో పెట్టింది.