మా అత్త చిటికెన వేలు

మా అత్త అన్నం కలుపుతుంటే నేను పక్కకు చూస్తాను. ఎన్నో ఏళ్ళుగా ఇదే అలవాటు. ఆమె వేళ్ళ వైపు చూడలేను. చూస్తే ఒక అబద్ధం గుర్తొస్తుంది. నేను చెప్పిందే. ఒక్క ఊపిరిలో అనేసిన మాట, అంతకంటే పెద్దదేం కాదు. కానీ దాన్ని దించుకోవడానికి ఇన్నేళ్ళలో ఒక్క చోటు కూడా దొరకలేదు. మా ఆయనకు చెబితే నవ్వి ఊరంతా చాటుతాడు. పక్కింటి లక్ష్మక్కకు చెబితే చీపురు తీసుకుంటుంది. మీరు మా ఊరివాళ్ళు కారు, మా అత్త మీకు ఏనాడూ ఎదురుపడదు. కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నాకే వస్తుంది. నా ఇబ్బంది కూడా అదే. ఈ తప్పు తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో పాటు సంతోషం కూడా వస్తుంది. తప్పు చేసినవాళ్ళకు అంత సంతోషం ఉండొచ్చా?

మాది తనకల్లు దగ్గర చిన్న పల్లె. నేను కదిరి పిల్లను. ఇంటర్ దాకా చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా అత్తింటివాళ్ళు తాతల కాలం నుంచి దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాళ్ళు. మా మామ పోయాక ఆ పని అత్త చేతికి వచ్చింది. మా ఆయనది బోరు లారీ మీద పని. నీళ్ళు పడని చేను ఎక్కడుంటే అక్కడికి పోతాడు. మా సీమలో అంటే ఏడాదంతా పనే. ఇంట్లో ఉండేది అత్తా నేనూ. ఇద్దరికీ కలిపి ఒకటే బటన్ల ఫోను. నంబరు మామ ఉన్నప్పుడు అత్త పేరు మీద తీసుకున్నది. బొంతలు కుట్టించుకునేవాళ్ళందరికీ అదే తెలుసు. ఆ నంబరు వదిలేసి కొత్తది తీసుకుందామంటే అత్త ఒప్పుకోదు.

ఊరికి కొండ అడ్డం. ఇంట్లో ఆ ఫోను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. సిగ్నల్ కావాలంటే ఊరి బయట ఉన్న గుండు ఎక్కాలి. గుండంటే మూడు ఇళ్ళంత రాయి. వెనక వైపు కాలు పెట్టుకోవడానికి పగుళ్ళు ఉంటాయి. పొద్దు వాలే వేళకు ఊళ్ళో ఆడవాళ్ళంతా ఫోన్లు పట్టుకుని దాని మీదే ఉండేవాళ్ళు.

ఆ సాయంత్రాల గురించి ఎలా చెప్పను? కొత్త కోడలు గడప దాటాలంటే చేతిలో ఏదో ఒక పని ఉండాలి. నా పని ఫోను. కొంగులో ఉడకబెట్టిన చెనక్కాయలు కట్టుకుని, పగలంతా కాగిన రాయి మీద కూర్చుంటే కింద నుంచి వెచ్చగా, పైనుంచి గాలి చల్లగా ఉండేది. ఒకామె వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే జవాబులు మిగతావాళ్ళు చెప్పేవాళ్ళు. లక్ష్మక్క తన తమ్ముడితో పోట్లాడేటప్పుడు స్పీకర్ పెట్టేది. మేమంతా పంచాయితీ పెద్దలం. ఒకసారి ఆ తమ్ముడు, "అక్కా, నీ పక్కన కూర్చున్నోళ్ళందరికీ దండం పెడతా, ఫోను పెట్టేయండి" అన్నాడు. నేను అంతగా నవ్వింది పుట్టింట్లో కూడా లేదు. ఆ గుండు మీద నేను ఎవరి కోడలినీ కాదు.

బెంగుళూరు నుంచి మా ఆడబిడ్డ షకీలా ఫోను చేసేది కూడా ఆ వేళకే. వాళ్ళాయన అక్కడ బేకరీలో పని. మా అత్తకు మోకాళ్ళ నొప్పి, గుండు ఎక్కలేదు. అందుకని కూతురి మాటలు తల్లికి, తల్లి మాటలు కూతురికి నేనే మోసేదాన్ని. మోసేటప్పుడు కాస్త తాలింపు వేసేదాన్ని కూడా. షకీలా "బాగుండామని చెప్పు వదినా" అంటే, నేను ఇంటికొచ్చి ఆమె గొంతుతో, ఆమె చేతులు తిప్పినట్టే తిప్పి, పావుగంట కథ చెప్పేదాన్ని. అత్త పొట్ట పట్టుకుని నవ్వేది. అంటే ఆమె సుఖంగానే ఉంది కదా? చూశారా, సాకులు ఎంత తొందరగా వస్తాయో నాకు.

అప్పుడు రోడ్డు మీది ఊరిలో ఇంకో కంపెనీ టవర్ లేచింది. దాని సిగ్నల్ మా వంటింట్లోకి కూడా వస్తుందని తేలింది. మా ఆయన ఆ కంపెనీ ఫోను ఒకటి కొని పంపి, అమ్మ నంబరు దానికి మార్పించమన్నాడు. నంబరు అదే ఉంటుంది, కంపెనీ మాత్రమే మారుతుంది, షకీలాతో అమ్మ ఇంట్లో కూర్చునే మాట్లాడుకోవచ్చు అన్నాడు. మా అత్తకు పండగ వచ్చినట్టయింది. పెట్టెలోంచి మంచి చీర తీసింది. నేను గుండెక్కి కంపెనీ మార్చమని మెసేజ్ పంపాను, కోడ్ వచ్చింది, ఇద్దరం ఆటోలో తనకల్లు పోయాం.

ఫోన్ల అంగడాయన వేలిముద్రల మిషన్ ముందుకు జరిపాడు. అత్త బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడు వేలు పెట్టింది. పడలేదు. "ఇంకో ఏలు పెట్టు పెద్దమ్మా" అని ఆయన అంటూనే ఉన్నాడు. నేను అడ్డం పడ్డాను.

"పడవులేన్నా. రేషను కాడ కూడా ఈమె ఏళ్ళు పడవు. అన్నీ అరిగిపోయినాయి. పా అత్తా, పోదాం."

ఇదే ఆ మాట. రేషను దగ్గర ఆమె బొటనవేలు మొరాయించే మాట నిజమే. మిగతా వేళ్ళ సంగతి నాకేం తెలుసు? ఎవరు చూశారు? అత్త చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని కొంగు కింద దాచుకుంది. అంగడాయనకు వేరే గిరాకీ ఉంది, సరేనన్నాడు. కోడ్‌కు కొన్నాళ్ళే గడువు. ఆ గడువు దాటేదాకా నేను నోరెత్తలేదు.

ఎందుకన్నాను? అనాలని అనుకుని పోలేదు. లేదు, ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంక మీకు చెప్పడమెందుకు? ఆటోలో పోతున్నంతసేపూ నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను, ఫోను ఇంట్లోనే మోగితే రేపటి నుంచి నేను ఏ పని చెప్పి గడప దాటాలి, ఏ వంకతో ఆ రాయి మీద కూర్చోవాలి, లక్ష్మక్క తమ్ముడి పంచాయితీ ఎవరు తీర్చాలి అని, అలా అనుకుంటూ అత్త ముఖంలో సంతోషం కూడా చూస్తూనే ఉన్నాను. రెండూ చూశాను. ఒకటి ఎంచుకున్నాను.

మా ఆయన ఫోనులో విని, అమ్మ వేళ్ళ సంగతి తెలిసిందే కదా అని ఊరుకున్నాడు. ఊరుకోనిది అత్తే. తన వేళ్ళ మీద ఆమెకు పట్టుదల వచ్చింది. రోజూ పొద్దున ఆముదం రాసుకునేది. ఆ ఏడు చింతపండు కొట్టే పనికి కూలికి పోలేదు, పులుపు గీతల్ని తినేస్తుందని ఎవరో అన్నారట. నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. ఒక పొద్దు నేను వాకిట్లో బియ్యం ఏరుతుంటే వచ్చి, రెండు అరచేతులూ ఎండకు పట్టింది.

"చూడమ్మీ, గీతలు మొలిచినాయా?"

"ఇంగా లేదత్తా."

"సరిగ్గా చూడు. పోయిన వారం కంటే మేలు కదా?"

"ఏమో అత్తా, నాకు కనపడల్యా."

"దూది ఏకి ఏకి నేనే ఏకైపోయినా చూడు. బిడ్డతో మాట్లాడుదామంటే నా ఏళ్ళే నాకు పగ అయినాయి" అని నవ్వింది.

నేనూ నవ్వాను. నిజానికి నేను చూడనే లేదు. తల వంచి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ చెప్పాను. తనకల్లు అంగట్లో అన్న మాట నోరు జారింది అనుకుందాం. మరి ఇది? ఎండలో, తీరిగ్గా, ఆమె ముఖంలో ముఖం పెట్టి అడిగితే చెప్పింది.

ఇంకొకటి ఉంది. షకీలాకు మొదటి కాన్పు మా ఇంట్లోనే అయింది. రెండోది బెంగుళూరులోనే అనుకున్నారు. నెలలు నిండుతుండగా ఒక సాయంత్రం ఫోనులో, "అమ్మ గొంతు వినాలని ఉండాది వదినా, భయమైతాంది" అంది. గుండు దిగి ఇంటికొచ్చాను. ఏమందమ్మీ అని అత్త అడిగింది. బాగుందట అన్నాను. ఇన్నేళ్ళు ఇన్ని మాటలకు తాలింపు వేసి మోసినదాన్ని, ఆ ఒక్క మాటను దారిలో పారేసుకున్నాను. చెబితే అత్త మళ్ళీ తనకల్లు పోదామంటుంది. అంతే కారణం. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు తెచ్చింది కూడా నేనే. అత్త లేచి నిలబడింది. "నేను గుండెక్కుతా" అంది. మోకాళ్ళు? "అవి కూడా వస్తాయిలే నాతో" అంది.

ఆ ఎక్కడం మీరు చూడాల్సింది. లక్ష్మక్క పైనుంచి చేతులు పట్టి లాగుతోంది. నేను కింద నుంచి భుజం పెట్టి తోస్తున్నాను. మిగతావాళ్ళు ఎక్కడ కాలు పెట్టాలో తలా ఒక మాట చెబుతున్నారు, ఒకరు చెప్పింది ఒకరికి పొసగదు. సగంలో అత్తకు నవ్వొచ్చి ఒళ్ళు వదిలేసింది. బస్తా జారినట్టు జారి నా మీద కూర్చుంది. అందరూ ఒకటే నవ్వు. మళ్ళీ మొదటి నుంచి. పైకి చేరాక షకీలా ఫోను పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల క్యారుమంది. అత్త, "ఓ నా బంగారూ, ఓ నా తల్లీ" అని దానికంటే గట్టిగా ఏడ్చింది. తల్లీ బిడ్డా ఫోనులో అంతసేపు మాట్లాడుకోవడం నా పెళ్ళయ్యాక నేను చూడలేదు. ఫోను పెట్టేశాక అత్త చుట్టూ చూసింది. కింద ఊరు, చేలు, మా ఇంటి కప్పు మీద ఎండబెట్టిన దూది. "మన ఇల్లు ఇంతేనా!" అంది. నేను చెనక్కాయలు ఒలిచి పెడితే తింటూ చీకటి పడేదాకా కూర్చుంది. నా జీవితంలో మంచి రోజులు చెప్పమంటే మొదట చెప్పేది ఆ రోజే. ఆమెను ఆ రాయి ఎక్కించింది నా అబద్ధమేనని తెలిసి కూడా.

తర్వాత ఒక్కో ఇల్లు కొత్త కంపెనీకి మారింది. మారిన కొద్దీ గుండు మీద మనుషులు తగ్గారు. చివరికి లక్ష్మక్కా నేనూ మిగిలాం. ఏ సంతోషం పోకూడదని అబద్ధమాడానో ఆ సంతోషమే సగమైంది.

ఒకనాడు రేషను అంగడి ముందు ఆ కంపెనీ గొడుగు వేసుకుని ఒక అమ్మాయి కూర్చుంది. అత్త నాకు చెప్పకుండానే పోయి ఆమెతో మాట్లాడి వచ్చి, "ఆ మెసేజేదో పంపు" అంది. ఈసారి నేను మారు మాట్లాడలేదు. గుండెక్కి పంపాను. అత్త బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడు వేలు, పడలేదు. "అవ్వా, చిటికెన ఏలు పెట్టు. అది ఏ పనీ చేయదు కదా, అరిగుండదు" అంది ఆ అమ్మాయి నవ్వుతూ. అత్త కుడిచేతి చిటికెన వేలు పెట్టింది. పెట్టీ పెట్టగానే పచ్చ లైటు.

మా అత్త ఆ వేలు పైకెత్తి పట్టుకుని ఇంటికి నడిచింది. దారిలో ప్రతి గడప దగ్గరా ఆగింది. "పనికి రాని ఏలు పనికొచ్చెనే!" అని అందరికీ చూపించింది. ముద్దు కూడా పెట్టుకుంది. నేను వెనకే నడిచాను, దొంగకు తేలు కుట్టినట్టు.

ఇప్పుడు ఆమె వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని మనవరాలితో మాట్లాడుతుంది. ఆ పిల్ల కన్నడం కలిపి మాట్లాడితే ఈమె తెలుగులో తిడుతుంది. ఇద్దరికీ అన్నీ అర్థమవుతాయి. వింటుంటే నాకు ఆనందంగా ఉంటుంది, ఇది ఎంత ముందే జరిగి ఉండేదో గుర్తొచ్చేదాకా.

కంపెనీ మారిన కొత్తలో ఒక సాయంత్రం అలవాటుగా గడప దాకా వచ్చి ఆగిపోయాను. చేతిలో ఫోను లేదు. ఏం పని చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అత్త లోపలి నుంచి, "గుండు కాడికేనా? పో. లక్ష్మి సూస్తాంటాది" అంది.

"పోవచ్చా అత్తా?"

"ఎవురొద్దనిరి?"

ఎవరూ వద్దనలేదు. ఏనాడూ వద్దనలేదు. నేను ఏనాడూ అడగలేదు. గుండు దాకా నవ్వుకుంటూ పోయాను. పైకెక్కి కూర్చున్నాక కళ్ళనీళ్ళు వచ్చాయి. దుమ్ము పడిందని లక్ష్మక్కకు చెప్పాను.

అత్తకు ఇంకా చెప్పలేదు. బంధువులు వచ్చినప్పుడల్లా, "నా కోడలు ఆ గుండెక్కి దిగి నా బిడ్డ మాటలు మోసింది, ఎవురు జేస్తారు అట్ల" అని పొగుడుతుంది. నేను నీళ్ళు తెచ్చే నెపంతో లేచిపోతాను. ఒకవేళ చెబితే క్షమిస్తుందేమో, నవ్వేస్తుందేమో కూడా. కానీ వేళ్ళకు ఆముదం రాసుకున్న ఆ పొద్దులు ఆమెవి. వాటిని నవ్వేసి పారేయమని అడగడానికి నేనెవరిని? చెప్పే రోజు వస్తుందో రాదో తెలియదు. మీకు చెప్పాను. ఒక మనిషికైనా తెలుసు అనుకుంటే ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది.

లోపలి నుంచి అన్నానికి పిలుస్తోంది. అన్నం కలిపేటప్పుడు ఆమె నాలుగు వేళ్ళూ పులుసులో మునుగుతాయి, చిటికెన వేలు ఒక్కటే అంటకుండా పైకి లేచి ఉంటుంది. ఈ పూట పక్కకు తిరగను, చూస్తాను. తనకల్లు అంగట్లో ఆ రోజు కూడా ఆ వేలు ఆమె చేతికే ఉంది.