రేపల్లె దారిలో కాఫీలు

మా మనవరాలు మొట్టమొదటిసారి ఒంటరిగా సైకిలు మీద తెనాలి నుంచి రేపల్లె వెళ్లిన రోజున, ఆ పిల్లకి అనుమానం రాకుండా, ఎండనక దుమ్మనక, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా, స్కూటరు మీద వెంట వెళ్లి పొద్దస్తమానం కాపలా కాసినవాణ్ణి నేను. ఈ సంగతి మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. అందరికీ చెప్పింది నేనే కాబట్టి.

కొంచెం సాగదీశాను. స్కూటరు మాట నిజమే గాని అది చినరావూరు దాటి ఎంతో దూరం పోలేదు. ముందు టైరులో గాలి పోయింది. మిగతా కాపలా అంతా రైల్లో జరిగింది. మంచినీళ్లు ముట్టలేదన్నది మాత్రం అక్షరాలా నిజం. వేమూరు స్టేషన్లో టీ తాగాను, రేపల్లెలో సోడా తాగాను. మిరపకాయ బజ్జీలు నీళ్ల కిందికి రావు.

అసలు సంగతి మొదటినుంచీ చెబుతాను. మా అమ్మాయి, అల్లుడు ఉండేది బాపట్లలో. వాళ్ల కూతురు డిగ్రీ చదువు కోసం తెనాలిలో మా దగ్గర ఉంటోంది. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకి ఇంటి కప్పు కింద ఊపిరాడదు. సూర్యలంక సముద్రం దగ్గర సరుగుడు తోపులో రెండు దుప్పట్లు కట్టి గుడారమని పేరుపెట్టి, ఓ పూటంతా అందులో కాపురం చేసేది. అవసరాన్ని బట్టి నేను కాపలా కుక్కని, పులిని, దారి తప్పిన బాటసారిని. తాటి దుంగ మీద నడిచి పంటకాలవ దాటడం దానికి నేర్పింది నేనే. ఆ పాఠంలో కాలవలో పడ్డది మాత్రం అది కాదు.

ఈ చలికాలం దాని కాలేజీ పిల్లలు కొందరు మంచుకొండల్లో ట్రెక్కింగుకి బయల్దేరుతున్నారు. తనూ వెళతానంది. మా అమ్మాయి బాపట్ల నుంచి ఫోన్లో ససేమిరా అంది.

"టిఫిన్ డబ్బా మూత కూడా అమ్మమ్మ చేత పెట్టించుకునే పిల్లవి, నువ్వు కొండలెక్కుతావా?"

"పరీక్ష పెట్టి చూడమ్మా."

"సరే. తెనాలి నుంచి రేపల్లె వెళ్లు. అక్కణ్ణుంచి పెనుమూడి పోయి కృష్ణ ఒడ్డు చూసి వెనక్కి రా. సైకిలు మీద. ఒక్కదానివే. ఎవరి సాయమూ తీసుకోకూడదు. అమ్మమ్మ దీపం పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి. ఉన్నావా, పంపిస్తా. లేదా, ఆ కొండల మాట మళ్లీ ఎత్తకు."

పిల్ల ఎగిరి గంతేసింది. వారం రోజులు సైకిలు గొలుసుకి నూనె పెడుతూ, బ్రేకులు సరిచూసుకుంటూ, నిద్రలో కూడా కాళ్లు ఆడిస్తూ గడిపింది. నాకేమో లోపల గుబులు. ఆ దారి పొడుగునా మనవాళ్లున్నారు కదా, ముగ్గురికి ఫోను చేస్తే తప్పేంటనిపించింది. జంపనిలో మా మేనత్త కొడుకు, అంటే బావ. వేమూరులో మా ఆవిడ చెల్లెలు. భట్టిప్రోలులో ఆ చెల్లెలి వియ్యపురాలు. "పిల్ల అటు వస్తుంది, దూరం నుంచి ఓ కన్నెయ్యండి చాలు" అన్నాను.

ఇక్కడే పొరబాటు పడ్డాను. మా వైపు మనుషులకి దూరం నుంచి చూడటం చేతకాదు. చూశారంటే పిలుస్తారు. పిలిచారంటే పెడతారు. ఇంటి ఆడపిల్ల గడప తొక్కితే బొట్టు పెట్టి, చేతిలో పండూ జాకెట్టు ముక్కా పెట్టకుండా పంపితే వాళ్లకి ఆ రాత్రి నిద్రపట్టదు.

మంచు ఇంకా విడవకముందే పిల్ల బయల్దేరింది. జంపనిలో మా బావ తువ్వాలు భుజాన వేసుకుని రోడ్డు మధ్యలో నిలబడి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడట.

"దిగమ్మా, దిగు. కాఫీ తాగి పోదువుగాని."

"టైమైపోతుంది తాతయ్యగారూ..."

"టైం ఎక్కడికి పోద్దే? మన ఊళ్లోనే ఉంటది."

కాఫీ అయింది. బొట్టూ, అరటిపళ్ల అత్తమూ, జాకెట్టు ముక్కా అయ్యాయి. వేమూరులో మా మరదలు గేటు దగ్గరే కాపు కాసింది. అప్పటికే పెనం మీద పెసరట్టు ఉంది.

"అయ్యో, వద్దు చిన్నమ్మమ్మా, కడుపు నిండిపోయింది!"

"జంపనిలో నిండితే వేమూరులో ఖాళీ అవదా? కూచో."

రెండట్లు పెట్టి, బొట్టు పెట్టి, ఇంకో జాకెట్టు ముక్క చేతికిచ్చి, పెరట్లోంచి ఓ గుమ్మడికాయ తెచ్చి సైకిలు వెనక కట్టడం మొదలెట్టింది.

"ఇదెందుకు చిన్నమ్మమ్మా?"

"మీ అమ్మమ్మకి. నువ్వేం మొయ్యక్కర్లేదు, సైకిలు మోస్తది."

"సైకిల్ని నేను తొక్కాలిగా!"

మా మరదలు నోట్లో నువ్వుగింజ నానదు. "ఇప్పుడే ఏమైందే, భట్టిప్రోలులో వదినగారు గారెలకి పప్పు రుబ్బుకుని నీ కోసం చూస్తోంది. మీ తాతయ్య నిన్నట్నించీ ఒకటే ఫోన్లు" అనేసింది.

పిల్లకి సంగతి అర్థమైంది. నవ్వుతూనే గుమ్మడికాయ విప్పి అరుగు మీద పెట్టింది. ఫోను ఆపేసి సంచి అడుగున పడేసింది. ఊరు దాటగానే తారు రోడ్డు వదిలి కాలవ కట్ట ఎక్కింది. కట్ట మీద చుట్టాలుండరు.

అదే సమయానికి నేను వేమూరు స్టేషన్లో, ఆగి ఉన్న రేపల్లె రైల్లో కిటికీ పక్కన కూచుని టీ తాగుతున్నాను. బాపట్ల నుంచి మా అమ్మాయి ఫోను. గొంతులో భయం వినపడింది. ధైర్యం చెబుదామని నోరు తెరిచాను. నా నోరు ఒకసారి తెరుచుకుంటే ఎక్కడ ఆగుతుందో నాకే తెలియదు.

"నువ్వు నిశ్చింతగా ఉండవే. ఊరూరా మనుషుల్ని నిలబెట్టా. రోడ్డుకి అటొకరూ ఇటొకరూ. పిల్ల కాలు కింద పెట్టకుండా చేతుల మీద దాటిస్తున్నారు."

"అంటే అది ఒంటరిగా వెళ్లట్లేదన్నమాట."

"అబ్బే, అలా అని కాదు..."

"కాఫీలు తాగుతూ చుట్టాలిళ్లు తిరగడానికి నేను పరీక్ష పెట్టాలా నాన్నా? పెళ్లి పిలుపులకి వెళ్లేవాళ్లూ ఇలాగే తిరుగుతారు. ఇంక కొండలూ లేవు, గుట్టలూ లేవు. దానికి నువ్వే చెప్పు."

పెట్టేసింది. చేతిలో టీ చల్లారిపోయింది. పిల్ల ఇంకా రేపల్లె చేరనే లేదు, నేను దాని కొండల్ని కూల్చేశాను.

రైలు భట్టిప్రోలు దాటుతుంటే ఇంకో ఫోను. "అన్నయ్యగారూ, గారెలు చల్లారిపోతున్నాయండి. పిల్లేదండీ?" పిల్లకి ఫోను చేస్తే మోగలేదు. రేపల్లెలో దిగి ఆటో కట్టించుకుని పెనుమూడి దాకా వెళ్లాను. వంతెన మీద లారీలు పోతున్నాయి, కింద నీళ్లు మెరుస్తున్నాయి. సైకిలు జాడ లేదు. ఆటో అబ్బాయి "వస్తార్లెండి బాబాయ్, ఈ కాలం పిల్లలు గట్టోళ్లు" అన్నాడు. మళ్లీ స్టేషనుకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. ఆ మధ్యాహ్నం నాకు నిజంగా భయం వేసింది. ఇందులో సాగదీత ఏమీ లేదు. బజ్జీలు తిన్నది కూడా భయంతోనే.

ఎండ ఇంకా గట్టిగానే ఉండగా స్టేషను ముందు రోడ్డు మీద సైకిలు కనబడింది. తల మీద జాకెట్టు ముక్క, మోకాళ్ల దాకా బురద, నోట్లో కూనిరాగం. నేను గబుక్కున స్తంభం చాటున నక్కాను. పిలవలేదు. పిలిస్తే అది సాయం కిందికి వస్తుంది కదా. దాని పరీక్ష దానిదని గుండె దిటవు చేసుకుని, అది తెనాలి వైపు సాగిపోగానే నేనూ రైలెక్కాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో కలిసి గేటు దగ్గర నిలబడ్డాను. పొద్దు వాలుతోంది. ఎదురింటి గోడ మీది ఎండ సన్నబడి, పైకి పాకి, మాయమైంది. మా ఆవిడ వత్తి నూనెలో ముంచింది.

"ఓ క్షణం ఆగవే. ఇప్పుడే దీపం ఏంటి, ఇంకా వెలుతురుంటే?"

"నన్నాపుతారు సరే, సూర్యుణ్ణి ఆపండి చూద్దాం."

"అగ్గిపెట్టె కనబడిందా నీకు?"

"మీ జేబులో ఉంది. ఇటివ్వండి."

ఇచ్చాను. ఆవిడ పుల్ల గీయబోతుంటే వీధి చివర బెల్లు మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా. మా ఆవిడ చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. సైకిలు గేటుకి తగిలి ఆగింది. పిల్ల దిగి, అలాగే నేల మీద కూచుని, పడీ పడీ నవ్వింది. అప్పుడు వెలిగింది దీపం.

ఎంత కథ చెప్పిందో! కట్టకి ఒక చోట గండి పడితే సైకిలు భుజాన వేసుకుని బురదలో దిగిందట. గొలుసు ఊడితే తనే ఎక్కించుకుందట. దున్నుతున్న ట్రాక్టరు వెనకాల కొంగలు బారులు తీరి నడుస్తుంటే చూస్తూ నిలబడిందట. పెనుమూడి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, అంటే నా ఆటో వెనక్కి తిరిగాకే. కృష్ణ ఒడ్డున ఇసకలో కూచుని జంపని అరటిపళ్లు తిని, నీళ్ల వైపు తిరిగి గట్టిగా అరిచిందట, తన పేరే.

"ఎవరూ ఏంటని అడగలేదు తాతయ్యా! ఎవరమ్మాయివి, ఏ ఊరు, ఎక్కడికి, ఏమీ అడగలేదు!"

ఆ ముఖం చూశాక, పొద్దున్న ఫోన్లో జరిగింది దానికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పెరట్లోకి వెళ్లి బాపట్లకి ఫోను చేశాను. నేను నిలబెట్టిన మనుషులు ముగ్గురేననీ, వాళ్లు చేసిన సాయమల్లా దాన్ని ఆలస్యం చెయ్యడమేననీ చెప్పాను.

"వేమూరు తర్వాత?"

"కాలవ కట్ట ఎక్కింది. మధ్యాహ్నమంతా అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు."

"ఎవరికీనా?"

"ఎవరికీ."

చెప్పాక గాని తెలియలేదు, ఒక తల్లికి ఎంత మాట చెప్పానో. ఈసారి తిట్లు ఖాయమనుకుని ఫోను చెవికి కాస్త ఎడంగా పెట్టుకున్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత నవ్వు.

"దానంతటదే ఇంటికొచ్చిందా?"

"దీపానికి ముందు."

"అయితే వెళ్లనీ నాన్నా. నువ్వు మాత్రం ఆ కొండల దగ్గర ఎవరికీ ఫోన్లు చెయ్యకు."

ఇదంతా రాసి నిన్న సాయంత్రం ఇంట్లో చదివి వినిపించాను. పిల్ల కొండల నుంచి వచ్చి వారమైంది, ముక్కు మీద తోలు ఇంకా ఊడుతోంది. బుద్ధిగా చివరిదాకా విని, పెరుగన్నం కలుపుకుంటూ అంది:

"స్తంభం చాటున నక్కావా? బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. ఎదురుగా తెనాలి రైలు ఆగి ఉంది. నిన్ను లేపి, చెప్పులు వెతికి తొడిగి, పెట్టె ఎక్కించేసరికి అరగంట పట్టింది. నాకు చీకటి పడబోయింది అందుకే. అది రాయి."