చెంబెడు నీళ్లు

చలికాలం వేడినీళ్లు, ఎండాకాలం చల్లనీళ్లు గొట్టాల్లో తిరుగుతూ గదిని వెచ్చగానో చల్లగానో ఉంచే సీలింగు యూనిట్లు బిగించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. వాలులో వెంట్రుకవాసి తేడా రానివ్వడు, అందుకే అందరూ రసమట్టం మేస్త్రి అంటారు. యూనిట్‌కు పట్టిన చెమ్మ దిగే ట్రేలో చెంబెడు నీళ్లు పోసి, అవి గొట్టంలోంచి బయటికి పోవడం కళ్లారా చూస్తేగానీ నిచ్చెన దిగడు. లైబ్రరీలో ఆఖరిదానికి మాత్రం ఆ పని చెయ్యలేదు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయట. చెంబెడు నీళ్లకు ఎంతసేపు పడుతుంది?

ఎండలు మొదలవగానే లైబ్రరీ మేడమ్ ఫోన్ చేసింది, బల్ల మీద నీళ్లు కారుతున్నాయని.

"మరీ చల్లగా పెట్టుకుంటే కారకేం చేస్తుందమ్మా," అని పెట్టేశాడు. ఎవరడిగినా ఆయన నోటికొచ్చే మొదటి మాట అదే.

ఇవాళ వేరే గదిలో పనికొచ్చి చూస్తే, మేడమ్ చెమటలు కక్కుతూ అట్టముక్కతో విసురుకుంటోంది. నెత్తిమీద యూనిట్ ఆపేసి ఉంది. మేస్త్రి గతుక్కుమన్నాడు. నిచ్చెనెక్కి ట్రేలో నీళ్లు పోశాడు. గొట్టం వాలు బయటికి కాదు, లోపలికి ఉంది. పోసిన నీళ్లన్నీ పొంగి ఆయన చొక్కా మీదే పడ్డాయి.

వాలు సరిచేసి దిగాడు. తప్పు తనదేనని చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో మేడమ్ తువ్వాలు అందించింది.

"నా మూలాన మీకెంత శ్రమ, మేస్త్రిగారూ. మీరు చెప్పిన రోజునుంచి దాని స్విచ్చి ముట్టలేదండీ. ఒకసారి నేనే మరీ చల్లగా పెట్టి పాడుచేశాక, ఇక నాకెందుకులే అనుకున్నా."