అటువైపు నుంచి ఎక్కినవాళ్లు

దేవదానం గారు ఇక లేరన్న వార్త మొన్న ఉదయం విజయవాడ ప్యాసింజరులో విన్నాను. మా హాల్టులో టికెట్ల కిటికీ మూసి ఉంటే, టికెట్ తనిఖీ సంగతి ముందే తెలిసి తప్పుకున్నారనుకున్నాను. కూరగాయల రత్నమ్మ "తెల్లారుజామున గుండె ఆగిపోయిందంటమ్మా" అంది. మనిషి పోయిన రోజు కూడా ఆయన్ని అనుమానించాను.

గుడివాడ వైపు చేల మధ్య ఉన్న ఆ చిన్న హాల్టులో ఆయన చాలా ఏళ్లుగా కమీషన్ మీద టికెట్లు అమ్మేవారు. అంతవరకే అయితే నాకు పేచీ లేదు. ప్రతి బండికీ ప్లాట్‌ఫారం మీదికొచ్చి, ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ పరకాయించి చూసి నల్ల అట్ట పుస్తకంలో ఏదో రాసుకునేవారు. గవర్నర్‌పేట బట్టల షాపులో పనిచేస్తూ సీజన్ టికెట్ మీద తిరిగే నాతో ఆయనకేం పని?

ఒకనాడు అడిగేశాను. "ఏం రాస్తున్నారండీ?"

"మిమ్మల్నేనమ్మా! మీరున్నారని ఎవరో ఒకరు రాయాలి కదండీ."

ఆయన నవ్వు నాకు నచ్చలేదు. ఆ వారమే తనిఖీవాళ్లొచ్చి మాతో తిరిగేవాళ్లలో టికెట్ లేని ఇద్దరిని పట్టుకున్నారు. చాడీలు చెప్పింది ఈయనేనని తేల్చేసి మా రైలుపెట్టెలో అందరికీ చెప్పాను. మర్నాటి నుంచి ఆయన పుస్తకానికి చిక్కకుండా ఎనిమిది మందిమి పట్టాలకవతల తుమ్మచెట్ల వెనక నక్కి, బండి అడ్డం రాగానే కంకర మీద నుంచి ఎక్కేవాళ్లం. "అటు ఎత్తెక్కువమ్మా, జాగ్రత్త!" అని ఆయన కేకేసేవారు. ఆ సహృదయతలోనూ కపటమే వెతికాను.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన భార్య సుశీలమ్మ గారు ఆ పుస్తకాలు నా ముందు పెట్టారు. "మీ సీజన్లు బెజవాడలో కొంటారు కదండీ, అవి మన హాల్టు లెక్కలోకి రావంట. ఇక్కడెవరూ ఎక్కట్లేదు, బండి ఆపడం దండగని పైవాళ్లన్నప్పుడల్లా ఇవి పట్టుకెళ్లి చూపించేవారు."

మేం దాక్కున్న రోజుల పేజీలు ఖాళీగా ఉంటాయని భయపడుతూ తెరిచాను. ప్రతి తేదీ కిందా గుండ్రటి అక్షరాలు: "అటువైపు నుంచి ఎనిమిది మంది. ఎర్ర సంచి అమ్మగారు ఆఖర్న."

"నడుం నెప్పంటూనే వంగి, బండి కింద నుంచి మీ కాళ్లు లెక్కపెట్టేవారండీ," అన్నారావిడ.

మోకాళ్ల దాకా వేలాడే ఆ ఎర్ర సంచి నాదే. సిగ్గుతో ఏడ్చాను.

దేవదానం గారూ, మీ ఋణం తీర్చుకునే యోగ్యత నాకు లేదు. మీ స్థానంలో నిలబడగలవారూ నాకు కనబడటం లేదు. రేపు బండి ఆగుతుందన్న నమ్మకం అంతకన్నా లేదు. అందుకే మీ పుస్తకంలో మిగిలిన పేజీలు నేను రాస్తున్నాను. ఇవాళ ప్లాట్‌ఫారం మీద ఒకావిడ నా చేతిలో పుస్తకం చూసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గబగబా అవతలి పెట్టెలోకి ఎక్కేసింది.

ఆవిణ్ణీ రాశాను.