పచ్చి పొగలో ఉలి

బద్వేలులో శేషన్న కొలిమికి రాక్షసి బొగ్గు తెచ్చేది నేనే. కడప నుంచి నా ఆటోలో నెలకొక మూట. ఒకప్పుడు నాలుగు మూటలు చాలేవి కావు. ఇప్పుడు నాగళ్లూ లేవు, బండిచక్రాలూ లేవు. ఆయన భార్య పోయి మూడేళ్లయింది. కొలిమి దగ్గరికొచ్చే మనిషి ఇక బసవన్న ఒక్కడే. కోసిగి నుంచి వచ్చి ఇక్కడ రోళ్లు చెక్కుకుని బతుకుతున్నాడు. ఉలులకు పదును పెట్టించుకోవడానికి వస్తాడు.

ఈ బొగ్గుకొక గుణముంది. అంటుకోగానే చిక్కటి పొగ, గంధకం కంపు. కాస్త ఓపిక పడితే పొగంతా పోయి, బొగ్గు మెత్తబడి ముద్దకట్టి, పైన పెంకు, లోపల ఎర్రటి గూడు ఏర్పడుతుంది. ఉలిని ఆ గూట్లోనే కాల్చాలి. పచ్చి పొగలో పెడితే గంధకం పట్టి మొన రాలిపోతుంది. నలభై ఏళ్లుగా కొలిమి పని చేస్తున్న శేషన్నకు నేను చెప్పాలా?

మొన్న మూట దించుతూ చూద్దును కదా, బసవన్న ఉలులన్నిటినీ శేషన్న ఆ పొగలోనే గుచ్చి కూర్చున్నాడు! అసలే నాది నోటి దురుసు.

"ఏమప్పా, మతి పోయిందా? నా బొగ్గుకు చెడ్డపేరు తెస్తాండావే!"

శేషన్న తల ఎత్తలేదు. "బాగా పదును పెడితే వాడు పదైదు దినాలకు గానీ రాడప్పా. ఇట్లయితే నాలుగో దినమే వస్తాడు. బీడీ కాలుస్తా రోంతసేపు కూచుంటాడు. వాడు రాకపోతే ఎవురితో మాట్లాడల్ల నేను?"

నేను మూటను మూలకు జరిపాను.

అంతలో బసవన్నే వచ్చాడు, మొహం వేలాడేసుకుని. "శేషన్నా, నా చేతిలో సత్తువ పోయినట్లుండాది. ఉలి ఊరికే మొండిపోతాంది. దినానికొక రోలు లేచేది, ఇప్పుడు రెండు దినాలు పడతాంది. ఇంక ఈ పని ఇడిసిపెట్టి మిరపకోతలకు పోతా."

శేషన్న మొహం పాలిపోయింది.

"నీ చేతికేం కాలేదప్పా. పొగ పోకముందే పెట్టినా. తప్పు నాది" అన్నాడు. చెడిన మొనలు నరికేశాడు. పొగంతా పోయేదాకా కాచుకుని, ఒక్కొక్క ఉలినీ కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి ఇచ్చాడు. ఇంత శ్రద్ధగా పని చేయడం నేనెన్నడూ చూడలేదు.

బసవన్న వాకిట్లో రాయి మీద ఒక దెబ్బ వేసి చూసుకున్నాడు. "అబ్బా! ఇంక నెల దాకా నీ గడప తొక్కే పనే లేదు!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

శేషన్న నా వైపు తిరిగాడు. "నువ్వన్నా రోంతసేపు కూచోప్పా."

ప్రొద్దుటూరులో బేరముందని చెప్పి ఆటో తీశాను. నా మొహానికి అంత పెద్ద బేరం ఏముందో!