షట్టరు దించేదాకా నీళ్లు తాగని వాళ్లం

ఆ రోజు నా బట్టల దుకాణంలో ఒక గిరాకీ నైటీని సగం ధరకు అడిగితే సరేనని ఇచ్చేశాను. పక్క షట్టరులో గాజులు అమ్మే ఖైరున్ ఆపా అది విని లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"పద్మా, నీకు బుఖారున్నది. లేకుంటే నువ్వు గింత సస్తగ ఇస్తవా?"

నా జబ్బు అట్లా బయటపడింది. మా నాయన కిరాణా కొట్టులో గల్లా పక్కన పెరిగినదాన్ని. మొదటి మాటకే ఒప్పుకున్నానంటే ఒంట్లో ఏదో చెడిందన్నమాటే.

చలి, వణుకు, ఎడమ డొక్క వెనక సలుపు. మూత్రానికి పోతే మంట. ఆ మంట సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా గల్లీలో సూదులేసే డాక్టరు వారం రోజుల మాత్రలు రాస్తే, జ్వరం తగ్గగానే మిగిలినవి మెడికల్ షాపులో వాపసిచ్చాను. లాభపడ్డాననే అనుకున్నాను.

జ్వరం మళ్లీ వచ్చింది, ఈసారి వాంతులతో. భానూర్ వైపు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన సెలవు పెట్టి నన్ను సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాడు. యూరిన్ కల్చర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, అల్ట్రాసౌండ్, చివరికి సీటీ స్కాన్. ఎడమ కిడ్నీ కింద రాయి అడ్డంపడి, వెనక చీము పట్టిందన్నారు. పైలోనెఫ్రైటిస్ అనే మాట అప్పుడే విన్నాను. మూత్రం దిగడానికి లోపల డీజే స్టెంట్ అనే సన్న గొట్టం వేశారు.

లేడీ డాక్టరు అడిగింది: "పగలు ఎన్నిసార్లు యూరిన్‌కు వెళ్తారు?"

"దుకాణం బంద్ చేసి ఇంటికి పోయినంక, మేడమ్."

"అప్పటిదాకా?"

"నీళ్లు తాగితే గదా పోవుడు. తాగం."

చాలా తెలివైన ఉపాయం చెప్పినట్టే చెప్పాను. ఆమె నవ్వలేదు.

పటాన్‌చెరులో మా కాంప్లెక్సులో నలుగురు ఆడవాళ్లం దుకాణాలు నడుపుతాం. మెట్ల కింద ఒక మరుగుదొడ్డి ఉంది. సెప్టిక్ ట్యాంకు పొంగినప్పటి నుంచి ఓనరు దానికి తాళం వేశాడు. మగవాళ్లు వెనక గోడకు పోతారు. మేం నీళ్లు మానేశాం. ఎండాకాలం లారీల దుమ్ముకు గొంతెండితే తడి కొంగు పెదవులకు అద్దుకునేవాళ్లం. కొత్తగా ఎవరైనా దుకాణం పెడితే మొదట నేర్పేది ఈ విద్యే.

"ఎడమ కిడ్నీ సగం కన్నా తక్కువే పనిచేస్తోంది. ఉన్నది కాపాడుకోవాలి. రోజూ మూడు లీటర్లు తాగండి," అంది డాక్టరు.

"రెండు చాలవా, మేడమ్?"

"ఇది బేరం కాదమ్మా."

స్టెంట్ లోపల ఉన్నన్నాళ్లూ కూర్చుంటే గుచ్చుకునేది, మూత్రంలో రక్తం పడేది. మధ్యలో ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టి మళ్లీ అడ్మిట్ చేశారు. రాయి తీశాక, స్టెంట్ తీశాక తీసిన స్కాన్‌లో కూడా ఎడమ కిడ్నీ కోలుకోలేదు.

దుకాణానికి తిరిగి వచ్చిన రోజే ఓనరును పట్టుకున్నాను.

"ట్యాంకు ఖాళీ జేసే లారీ సందులకు రాదమ్మా. పైపు అందది."

"పొడుగు పైపు తెప్పియ్యి. నలుగురం తలింత ఇస్తం."

"తెరిస్తే రోడ్డు మీదోళ్లంత వస్తరు. నాకెందుకు పరేషాని?"

పుట్టి బుద్ధెరిగాక నా బేరానికి ఒక్క మెట్టూ దిగని మనిషి అతనే.

ఇక మిగిలింది రోడ్డుకు ఆవలి పెట్రోలు బంకులోని మరుగుదొడ్డి. లారీల మధ్య దాటుకుంటూ అక్కడికే పోవడం మొదలుపెట్టాను. నేను పోయినప్పుడల్లా ఖైరున్ ఆపా నా దుకాణం చూసేది. తిరిగొచ్చేసరికి చీర ఏదో అడిగిన ధరకే ఇచ్చేసి ఉండేది.

"గట్ల ఇస్తే నేను బిచ్చమెత్తుకోవాలె, ఆపా."

"కంపెనీల పొద్దంత నిలబడొచ్చింది పాపం ఆ పిల్ల. ఇచ్చిన, ఏమైంది?"

"సరే, ఇప్పుడు నువ్వు పోయిరా. నీ గాజులు నేను చూస్త."

"నాకొద్దమ్మా. బంకు కాడ పోరగాండ్లంత మా బస్తీ వాళ్లే. ఈ వయసుల బురఖా ఏసుకొని ఆడ నిలబడితే నా ఇజ్జత్ ఏంగావాలె? జెర నీళ్లు తక్కువ తాగుత, అంతే."

నేను రోజూ అడిగేదాన్ని. ఆమె రోజూ అదే చెప్పేది. ఆమెకు షుగర్ కూడా ఉంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆపా శాలువా కప్పుకుని గాజుల పెట్టెల మధ్య ముడుచుకుని కనిపించింది. "మౌసం బాగలేదు, గీ వానలకే," అంది. వీపు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడింది. ఆ నొప్పి నేను ఎరిగినదే. ఆమె కొడుక్కి ఫోన్ చేశాను, ఆటోలో పక్కన కూర్చున్నాను. దారిలో ఆమె, "నీ దుకాణం ఎవరు సూస్తున్నరు?" అని అడిగింది.

ఐసీయూ బయట డాక్టరు కొడుకుతో అన్న మాటలు విన్నాను. "యూరిన్ ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది. సెప్టిక్ షాక్. చాలా లేటయింది." ఆపా మళ్లీ కళ్లు తెరవలేదు.

ఇప్పుడు నా క్రియాటినిన్ నిలకడగా ఉంది. ఎడమ కిడ్నీ పేరుకే ఉంది, కుడిది మోస్తోంది. మెట్ల కింద తాళం అట్లాగే ఉంది. నలుగురం కలిసి మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాం, వాళ్లు వచ్చి చూసిపోయారు. ఆపా షట్టరులో ఆమె కోడలు సమీనా కూర్చుంటోంది. పొద్దున తెచ్చిన నీళ్ల సీసాను సాయంత్రం నిండుగానే ఇంటికి తీసుకుపోయేది. కొన్నాళ్లు చూసి, ఒకరోజు నేనే ఆమె షట్టరు సగం దించాను.

"గిరాకి పోతది, ఆంటీ."

"పోనీ. నడువు."

నాలాగా దుకాణంలో కూర్చునే ఆడవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. పక్కామెతో "నువ్వు పోయిరా, నేను చూస్తా" అనకండి. ఆమె పోదు. రెండు షట్టర్లూ సగం దించి, ఆమె చెయ్యి పట్టుకుని ఇద్దరూ కలిసి పోండి.